తేనెటీగలకు చెప్పని చావు

"చచ్చినవాళ్ళు పేర్లు అమ్ముతారా వెర్దియే?" అన్నాడు కల్నల్ తెసెరో.

ఏజెంట్ లూసియాన్ వెర్దియే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పారిస్‌లో ఆ మూడో అంతస్తు గదిలో కల్నల్ వేసే ప్రశ్నల్లో సగం జవాబు కోసం వేసేవి కావని పదిహేనేళ్ళ సర్వీసులో అతనికి బాగానే తెలిసొచ్చింది. 1961, అక్టోబరు నెలాఖరు. బయట సన్నగా వాన పడుతోంది.

కల్నల్ ఫైలు ముందుకు తోశాడు.

"గాస్తోన్ మలవాల్. మన మనిషి. మూడు వారాల కింద సొంతూరు బూర్జెలాక్‌లో ఏట్లో పడి పోయాడు. అతని దగ్గరున్న మైక్రోఫిల్మ్ కూడా ఏటి పాలైందనుకున్నాం. పద్నాలుగు ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో ఒక్కో పేరు, అడ్రసు. సరిహద్దు అవతల మనకోసం ప్రాణాలకు తెగించి పనిచేసే పద్నాలుగు మంది."

"తెలుసు సార్."

"మొన్న బుధవారం ప్రాగ్‌లో మొదటి ఫ్రేములోని మనిషిని పట్టుకుపోయారు. అంటే ఫిల్మ్ మునగలేదు. ఎవడో ఒక ఫ్రేము కత్తిరించి శాంపిల్ పంపాడు. మిగతా పదమూడూ మంగళవారం బూర్జెలాక్ చామంతుల సంతలో చేతులు మారతాయి. అమ్మేదెవరో తెలీదు. కొనేదెవరో తెలీదు."

"దానికి కాపీ ఉందా?"

"లేదు. దొరికితే తీసుకురా. తేలేకపోతే కాల్చెయ్."

ఏడో ఫ్రేములో ఎవరున్నారో లూసియాన్‌కి చూడక్కర్లేకుండానే తెలుసు. హానా. ప్రాగ్ ట్రాముల్లో టికెట్లు కొట్టే మనిషి. ఆమెను ఈ పనిలోకి దింపింది తనే. నీ పేరు ఎవరి చేతికీ చిక్కదని ఆమె వంటింట్లో కూర్చుని, ఆమె పెట్టిన సూపు తాగుతూ మాటిచ్చాడు. మంగళవారం దాటితే ఆ మాటకీ ఆమె మెడకీ కూడా విలువుండదు.

ఇంకో సంగతి ఫైల్లో లేదు. ఆ రాత్రి ఏటి ఒడ్డున మిల్లు దగ్గర మనిషిని కలవాల్సింది లూసియానే. ఒళ్ళు కాలిపోయే జ్వరంతో పడుంటే గాస్తోన్ దుప్పటి కప్పి, "నువ్వు పడుకోరా, మా ఊరేగా, నేను వెళ్ళొస్తాను," అన్నాడు. మళ్ళీ రాలేదు. ఎనిమిదేళ్ళు కలిసి తిరిగిన స్నేహితుడి అంత్యక్రియలకు కూడా వెళ్ళలేకపోయాడు లూసియాన్. ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు?

కింద టెక్నికల్ సెక్షన్ వాళ్ళు ఒక సిగరెట్ లైటరిచ్చారు. బొటనవేలితో నొక్కితే ఫోటో తీస్తుంది. ఎడమవైపు నొక్కితే కళ్ళు మండే గ్యాస్ వదులుతుంది. "సిగరెట్ వెలిగించాలంటే?" అని అడిగాడు. ఆ ఒక్కటీ కుదర్లేదన్నారు.

* * *

ఆదివారం సాయంత్రం బూర్జెలాక్ స్టేషన్లో దిగిన మనిషి పేరు ఒక్తావ్ పోమరెల్. చర్చి కొవ్వొత్తుల కంపెనీకి తేనెమైనం కొనిపెట్టే ఏజెంటు. కళ్ళజోడు, మాసిన కోటు, చంకలో శాంపిళ్ళ సంచీ. లూసియాన్‌ని కన్నతల్లి చూసినా పక్కకు తప్పుకుని దారిచ్చేది.

సంత మండపం ఎదుట ఫెర్నాండ్ గారి పూటకూళ్ళ ఇల్లుంది. ఆవిడ మనిషీ పెద్దది, గొంతూ పెద్దదే. వెల్లుల్లి సూపు గిన్నె అతని ముందు పెట్టి నడుం మీద చేతులేసుకుంది.

"మూడో గది ఇస్తున్నాను. కిటికీ ఏటివైపుంటుంది, తెరవకండి."

"చలి అనా?"

"చలి కాదు. గాస్తోన్ ఈలేస్తాడు." కోడిగుడ్ల ధర చెప్పినట్టు చెప్పింది. "మలవాల్ వాళ్ళబ్బాయి లెండి. ఏట్లో పడి పోయాడు. పోయినవాడు పోయినట్టుండకుండా మిల్లు దగ్గర తిరుగుతున్నాడు. ముగ్గురు చూశారు. చర్చిలో గంట కొట్టే ఒనోరె అయితే ఆ దారే మానుకున్నాడు."

"మీరు నమ్ముతారా?"

"నేను నమ్మను," అందావిడ. "కానీ కిటికీ తెరవను."

మేడ మీదికి వెళ్తుంటే మెట్ల కింద తాడుతో కట్టిన అట్టపెట్టె కాలికి తగిలింది. "అది స్పెయిన్ వాడిది," కిందనుంచి అరిచింది ఫెర్నాండ్. "ఇలారియో అని, ద్రాక్ష కోతలకొచ్చాడు. ఓ సాయంత్రం బయటికెళ్ళి మళ్ళీ రాలేదు. మూడు వారాలైంది. లోపల ఇద్దరాడపిల్లల ఫోటో ఉంది, పారేయడానికి చేతులు రావట్లేదు."

లూసియాన్ కిటికీ తెరిచాడు. ఏటి మీద పొగమంచు తెరలు తెరలుగా లేస్తోంది. చాలాసేపటికి అవతలి ఒడ్డు నుంచి ఈల వినిపించింది. రెండు పొడుగు స్వరాలు, మధ్యలో ఊపిరాగినట్టు చిన్న విరుపు. బెర్లిన్‌లో, వియన్నాలో చీకటి సందుల్లో 'నేనేరా' అని చెప్పడానికి గాస్తోన్ వేసే ఈల అది.

లూసియాన్ కిటికీ మూసి, గడియ వేసి, మంచం అంచున చాలాసేపు కూర్చున్నాడు. భయపడినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

* * *

సోమవారం పొద్దున స్మశానంలో సమాధులు కడుగుతున్న ఆడవాళ్ళ మధ్య ఆమె నిలబడి ఉంది. నల్ల మేలిముసుగు, బురదలో దిగబడే ఎత్తుమడమల బూట్లు, పది అడుగుల దూరానికే తెలిసే సెంటు. గాస్తోన్ భార్య ఇరెన్. ఆఫీసులో సంకేతలిపి చూసే సైఫర్ విభాగంలో పనిచేస్తుంది. బూర్జెలాక్‌లో లూసియాన్‌కి కాంటాక్టు ఆమే.

"ఈ ఏడు చామంతులు తొందరగా పూశాయి," అన్నాడతను.

"మంచు ఇంకా పడలేదు కదా," అంది ఆమె. కోడ్ సరిపోయింది.

గొంతు తగ్గించి చెప్పింది. "కొనేవాడు రేపు పదకొండూ నలభై రైలుకు దిగుతాడు. ఎడమకాలు కుంటుతాడు. మీరు స్టేషన్లో ఉండండి. అమ్మేవాడు అక్కడికే వస్తాడు. సంత సంగతి నేను చూసుకుంటాను."

"మీరెలా ఉన్నారు ఇరెన్?"

ఆమె ముసుగు కొంచెం ఎత్తింది. కళ్ళలో నీళ్ళు నిండి, ఒలక్కుండా సరిగ్గా రెప్పల దాకా వచ్చి ఆగాయి. "ఆయన మీ గురించే చెప్పేవారు. మీ బదులు వెళ్ళారని నేనెప్పుడూ మిమ్మల్ని అనుకోలేదు."

అనుకోలేదంటూనే ఎక్కడ గుచ్చాలో అక్కడ గుచ్చింది. లూసియాన్ టోపీ తీసి సమాధి ముందు తల వంచుకున్నాడు. క్షమించరా, అనుకున్నాడు మనసులో. అంతకంటే ఏమనాలో తోచలేదు.

మిగతా పగలంతా ఫెర్నాండ్ సైకిలు మీద చుట్టుపక్కలన్నీ తిరిగాడు. ఆనకట్ట, తలుపులూడిన మిల్లు, చెస్ట్‌నట్ తోపుల్లో రాలిన ముళ్ళకాయలు, రెండిళ్ళకో కుక్క ఉన్న పల్లెలు. ప్రతి గడపలో మైనం అడిగాడు, ప్రతి గడపలో గాస్తోన్ దయ్యం కబురే చెప్పారు. ఒకామె తలుపు సందులోంచి మాట్లాడి, వెళ్తూ గేటు వేసి పొమ్మంది. ఆ ప్రాంతం ప్రాంతమంతా ఊపిరి బిగబట్టి ఉంది.

మధ్యాహ్నానికి కొండవాలున ఉన్న మలవాల్ పొలానికి చేరాడు. గాస్తోన్ తల్లి నోయెలీ గుమ్మంలో కూర్చుని చెస్ట్‌నట్లు ఒలుస్తోంది. డెబ్బై దాటిన మనిషి. తల నుంచి కాలి దాకా నల్లబట్టలు.

"మైనం ఉంది నాయనా. సూపు తాగి వెళ్ళు," అంది.

వంటింటి బల్ల మీద రెండు ఎంగిలి గిన్నెలున్నాయి. ముసలామె పోయిన కొడుక్కి రోజూ గిన్నె పెడుతోందని, పాపం మతి చలించిందని ఊళ్ళో చెప్పుకోవడం అతను విన్నాడు. ఒక గిన్నె అడుగున ఎర్రటి వలయముంది. సూపు చివర్లో వైన్ పోసుకుని గిన్నె ఎత్తి తాగే అలవాటు ఈ ప్రాంతపు మగవాళ్ళకుంది. నోయెలీ వైన్ ముట్టదని గాస్తోనే ఎన్నోసార్లు చెప్పాడు.

లూసియాన్ చూపు తిప్పుకుని పెరట్లోకి నడిచాడు.

గోడ వారగా తొమ్మిది తేనెపెట్టెలు. ఎండ కాస్త కాసేసరికి ఈగలు ఐవీ తీగ పూల మీదికి వచ్చిపోతున్నాయి. ప్రతి పెట్టెకీ తుప్పుపట్టిన మేకు, మేకుకి రంగు వెలిసిన నల్లగుడ్డ పోగులు. అవి నాలుగేళ్ళ కిందటివి, పెద్ద మలవాల్ పోయినప్పటివి. కొత్త గుడ్డ ఒక్క పెట్టెకీ లేదు.

అతని చిన్నప్పుడు తాతయ్య పోయిన పొద్దున, శవానికి బట్టలు మార్చకముందే, అమ్మమ్మ ఇంటి తాళంచెవి తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. ఒక్కో పెట్టె మీద మూడుసార్లు తట్టి, మీ యజమాని పోయాడని చెప్పి, నల్లగుడ్డ కట్టింది. గుడ్డ ముక్కలు పట్టుకుని వెనకాల నడిచింది తనే. చెప్పకపోతే ఈగలు పెట్టె వదిలి పోతాయి, లేదా అక్కడే చస్తాయి. ఈ పల్లెల్లో పాదిరీకి కబురు ఆలస్యమైనా ఈగలకు ఆలస్యం కాకూడదు.

"అమ్మా," అన్నాడు మెల్లగా. "అబ్బాయి సంగతి వీటికి చెప్పడం మర్చిపోయారా?"

పెరటి గుమ్మంలోకి వచ్చి ఒలుస్తున్న నోయెలీ చేతిలో కత్తి ఆగింది.

"చెప్పాల్సినప్పుడు చెప్తాను," అంది. "వీటితో అబద్ధమాడకూడదు."

అంతే. పాదిరీతో అబద్ధమాడింది, డాక్టరుతో ఆడింది, ఊరందరితో ఆడింది. ఈగలతో ఆడలేకపోయింది.

దారిలో లూసియాన్ సైకిలు దిగి గట్టు మీద కూలబడ్డాడు. మొదట కలిగింది సంతోషం. గాస్తోన్ బతికే ఉన్నాడు, తన జ్వరం వాణ్ణి చంపలేదు. పిచ్చివాడిలా నవ్వాడు కూడా. ఆ తర్వాత మిగతాది ఒక్కొక్కటే తట్టింది. బతికే ఉన్నాడంటే మిల్లు దగ్గర ఈలేసేది వాడే, ఫిల్మ్ కూడా వాడి దగ్గరే ఉంది. భర్త శవమని గుర్తుపట్టి సంతకం పెట్టిన ఇరెన్ వాడి భాగస్వామి. రేపు స్టేషన్లో దిగే కుంటివాడెవడూ లేడు. మరి ఆ సమాధిలో ఉన్నదెవరు? మెట్ల కింద అట్టపెట్టె గుర్తొచ్చి అతని నవ్వు ఆగిపోయింది.

పోస్టాఫీసు నుంచి పారిస్‌కి ఫోన్ చేశాడు. "నాటిన దుంప చావలేదు సార్. రేపు మధ్యాహ్నం రెండు దారుల్లోనూ వంతెనల దగ్గర మనుషులు కావాలి." కల్నల్ "ఉంటారు," అని పెట్టేశాడు.

* * *

మంగళవారం సంత. మర్నాడు పెద్దల పండగకి సమాధుల మీద పెట్టడానికి కుండీల్లో చామంతులు. మండపం మెట్ల మీద, ఫౌంటెన్ చుట్టూ, బళ్ళ మీద పసుపు, తెలుపు, ముదురు ఎరుపు. పొగమంచులో మనుషులు కనబడక పూలే నడుస్తున్నాయా అనిపించింది. ఏ ఏడూ లేనట్టు జనం గుసగుసగా బేరమాడుతున్నారు.

పదకొండున్నరకి ఇరెన్ చర్చి మెట్ల మీద నుంచి చిన్నగా తలూపింది. స్టేషన్‌కి వెళ్ళమని. లూసియాన్ బుద్ధిగా తలూపాడు.

వెళ్ళేముందు తేనె బల్ల దగ్గర ఆగాడు. నోయెలీ సీసాలు తుడుస్తోంది. అట్టపెట్టెలోని ఫోటో ఆమె ముందు పెట్టాడు. సర్వీసు రూల్సు ప్రకారం ఇది శుద్ధ తప్పు. కానీ ఆమెకు తెలియాలనిపించింది.

"శవాన్ని పరీక్షించిన డాక్టరు కాగితం నేను చూశానమ్మా. మీ సమాధి ఖాళీ కాదు, అందులో ఉన్నది మనిషే. బహుశా ఈ పిల్లల నాన్న."

ఆమె సీసా కింద పెట్టి ఫోటో చేతిలోకి తీసుకుంది.

అతను స్టేషన్ దారి పట్టి, మలుపు తిరగ్గానే తోళ్ళ కార్ఖానా వెనకనుంచి కొండవాలు ఎక్కాడు. నిన్ననే చూశాడు. చలికి ముందు ఈగలు మూత అంచుల్ని జిగురుతో అతికేస్తాయి, ఇక వసంతం దాకా ఎవరూ తెరవరు. ఎనిమిది మూతలు బిగిసి ఉన్నాయి. ఏడో పెట్టె మూత చుట్టూ జిగురు పగిలి ఉంది.

గోడ దగ్గర ముసలామె ఈగలకు పెట్టే పొగడబ్బా ఉంది. ఎండుగడ్డి కూరి, అలవాటు కొద్దీ లైటరు తీసి నొక్కాడు. అది అతని గడ్డాన్ని చక్కగా ఫోటో తీసింది. పళ్ళు నూరుకుని వంటింట్లోంచి అగ్గిపెట్టె తెచ్చుకున్నాడు.

పొగ వదిలి మూత ఎత్తాడు. చట్రాల మీద, గోనెగుడ్డ కింద, దగ్గుబిళ్ళల రేకు డబ్బీ. లోపల చుట్ట చుట్టిన ఫిల్మ్. వెలుతురుకి పెట్టి లెక్కపెట్టాడు. పదమూడు.

వెనకాల ఈల. రెండు స్వరాలు, మధ్యలో విరుపు.

ఈసారి దయ్యం కాదని తెలుసు. తిరగడానికి ఒక్క క్షణం ఆలస్యం చేశాడు. ఆ క్షణంలో అతని చేతులు చేసిన పని గురించి తర్వాత చెబుతాను.

"డబ్బీ ఇటు విసురు లూసియాన్," అన్నాడు గాస్తోన్.

బుగ్గలు లోపలికి పోయి, గడ్డం పెరిగి ఉన్నాడు. చేతిలో పిస్తోలు మాత్రం శుభ్రంగా ఉంది. "వేట కాలమిది. ఇక్కడ తుపాకీ మోగితే ఎవడూ తలెత్తి చూడడు. విసరరా."

లూసియాన్ విసిరాడు. గాస్తోన్ ఎడంచేత్తో పట్టుకున్నాడు. కింద రోడ్డు మీద కారు హారన్ రెండుసార్లు మోగింది. బూట్లు చేత పట్టుకుని ఇరెన్ వాలు ఎక్కి వస్తోంది.

"ఎందుకురా?" అన్నాడు లూసియాన్. "నీకోసం మూడు వారాలు ఏడ్చాను."

"ఎనిమిదేళ్ళు ఎవరెవరి పేర్లతోనో బతికాం. చివరికి మనకి మిగిలేదేమిటి? ఇరెన్ కొత్త జీవితమంది. నేను కాదనలేకపోయాను."

"ఇలారియో?"

గాస్తోన్ చూపు పక్కకి పోయింది. "వాడికెవరూ లేరనుకున్నాను."

"ఇప్పుడెందుకీ కబుర్లు? పని కానివ్వు," అంది ఇరెన్ ఎగశ్వాసతో. లూసియాన్‌ వైపు చూసి, "స్టేషన్లో ఉండమన్నాగా మిమ్మల్ని," అంది, చెప్పిన మాట వినని పనివాణ్ణి కసిరినట్టు. డబ్బీ కోసం చేయి చాపింది. గాస్తోన్ ఇచ్చేసి పిస్తోలు లూసియాన్ గుండెలకు ఎత్తాడు.

"గాస్తోన్."

గేటు దగ్గర నోయెలీ. వాలంతా గబగబా ఎక్కొచ్చి ఆయాసపడుతోంది. చేతిలో ఫోటో.

"పెట్టెలో రాళ్ళన్నావు. నిన్నెవరో చంపడానికి తిరుగుతున్నారన్నావు. నేను రాళ్ళకి కొవ్వొత్తి వెలిగించి ఊరందరి ముందూ ఏడ్చాను." ఫోటో ఎత్తి చూపించింది. "రాళ్ళకి పిల్లలుంటారా?"

గాస్తోన్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆమె అతని ముందునుంచే, పిస్తోలుకీ లూసియాన్‌కీ మధ్యనుంచే నడిచి వెళ్ళింది. నడుముకి కట్టుకున్న తాళంచెవి తీసింది. మొదటి పెట్టె మీద మూడుసార్లు తట్టి వంగింది.

"బుజ్జితల్లులూ, మీ యజమాని పోయాడు. గాస్తోన్ పోయాడు. ఇక మిమ్మల్ని నేనే చూసుకుంటాను."

తన నల్లశాలువా అంచు చింపి మేకుకి కట్టింది. రెండో పెట్టెకి వెళ్ళింది. మూడో పెట్టె.

"అమ్మా," అన్నాడు గాస్తోన్.

ఆమె తిరగలేదు. నాలుగో పెట్టె మీద తట్టింది.

"అమ్మా, నేనిక్కడే ఉన్నాను. ఇటు చూడవే."

పాదిరీ శపించినా నవ్వి ఊరుకునే మనిషి. సర్వీసు ఉరి తీస్తానన్నా పట్టించుకోడు. కానీ ఆ పెరట్లో పుట్టిపెరిగినవాడికి ఆ తాళంచెవి చప్పుడంటే ఏమిటో తెలుసు. ఆరో పెట్టె దగ్గర అతని చేయి కిందికి వాలింది. ఏడో పెట్టె దగ్గర పిస్తోలు గడ్డిలో పడింది. ఊళ్ళో చర్చి గంట పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది.

ఇరెన్ తెలివైనది, ఎవరికోసమూ ఆగలేదు. డబ్బీని గుప్పిట్లో బిగించి వాలుకి అడ్డంపడి పరుగెత్తింది. కారు తలుపు కొట్టుకుంది, ఇంజను రోడ్డు మలుపు తిరిగింది.

"పోయింది," అన్నాడు గాస్తోన్ నేలమీద కూర్చుంటూ. "పదమూడు మందీ పోయారు. ఇక నన్ను పట్టుకుని ఏం లాభం?"

లూసియాన్ పొగడబ్బా మూత తీసి చూపించాడు. నిప్పుల మీద నల్లగా ముడుచుకుని చిన్న చుట్ట. ఈల వినబడిన ఆ క్షణంలో ఫిల్మ్ అందులో పడింది. వంతెన దగ్గర జెండార్మ్ పోలీసులు ఆపినప్పుడు ఇరెన్ గుప్పిట్లోని డబ్బీలో దొరికేది మైనం ముద్ద. పోమరెల్ గారి శాంపిల్, మొదటి రకం.

నోయెలీ తొమ్మిదో పెట్టెకి గుడ్డ కట్టి, కొడుకువైపు చూడకుండా ఇంట్లోకి వెళ్ళింది. బల్ల మీది రెండో గిన్నె కడిగి బోర్లించిన చప్పుడు పెరట్లోకి వినిపించింది. గాస్తోన్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. బతికున్న స్నేహితుడి పక్కన కూర్చుని లూసియాన్ రెండోసారి ఏడ్చాడు.

* * *

నవంబరు పదిన పారిస్‌లో, అదే మూడో అంతస్తు గది.

"ప్రాగ్ నుంచి కబురొచ్చింది," అన్నాడు కల్నల్. "ట్రాములు టైముకే నడుస్తున్నాయట. టికెట్లు కొట్టే ఆవిడకి జలుబు చేసిందట."

లూసియాన్ రెండు వారాల్లో మొదటిసారి ఊపిరి పూర్తిగా వదిలాడు. బూర్జెలాక్‌లో సమాధి రాయి మీద ఇప్పుడు ఇలారియో పేరుంది. అతని అట్టపెట్టె తాడుతో సహా స్పెయిన్ చేరింది. ఫోటోతో పాటు నోయెలీ ఒక తేనెసీసా పెట్టింది.

కల్నల్ పెన్ను చేతిలోకి తీసుకుని ఫైలు తెరిచాడు. "ఒక్క చిక్కుంది. మన రికార్డుల్లో గాస్తోన్ మలవాల్ అక్టోబరులోనే చనిపోయాడు. చనిపోయినవాణ్ణి జైల్లో పెట్టామంటే అకౌంట్స్ వాళ్ళు ఒప్పుకోరు. కొట్టేసి మళ్ళీ రాయమంటావా?"

"వద్దు సార్, అలాగే ఉండనివ్వండి," అన్నాడు లూసియాన్ టోపీ పెట్టుకుంటూ. "తేనెటీగలక్కూడా చెప్పేశారు."